నాలుగింటికి తలుపు కొట్టండి

బుధవారం సాయంత్రం ఆమె తొమ్మిది డబ్బాలకు తొమ్మిది చీటీలు అతికించింది. గురువారం పొద్దున, గురువారం మధ్యాహ్నం, గురువారం రాత్రి వేడి చేసుకోవాలి, అలా శనివారం రాత్రి దాకా. శనివారం రాత్రికి తను ఎలాగూ వచ్చేస్తుంది, కానీ బస్సు ఆలస్యమైతే? అందుకని అదీ వండిపెట్టింది. అక్షరాలు పెద్దవిగా, బడిపిల్లలకు పలక మీద రాసిచ్చినట్టు రాసింది. అత్తగారి మాత్రలు పొద్దుటివి ఒక గిన్నెలో, రాత్రివి ఇంకో గిన్నెలో పెట్టింది. పాలవాడికి చెప్పింది. హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి నాన్నని రోజూ ఒకసారి పలకరించమని చెప్పింది. చివరికి భర్తను వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి లైటరు ఎక్కడుంటుందో చూపించింది. ఇరవై రెండేళ్ళుగా అది ఆ మేకుకే వేలాడుతోంది. "ఓహో, ఇక్కడుంటుందా!" అన్నాడాయన, కొత్త ఊళ్ళో పోస్టాఫీసు కనిపించినంత ఆశ్చర్యంగా. ఆ వెంటనే, "మూడు రోజులకి ఇంత హడావుడేంటి, మేమేమన్నా పసిపిల్లలమా?" అని కూడా అన్నాడు.

ఆమె తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. కొట్లలో కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించి ముద్ర వేయడం ఆమె పని. చుట్టాల్లో ఎవరైనా అడిగితే భర్త, "మా ఆవిడది బరువైన ఉద్యోగమండీ, బజారంతా రాళ్ళు మోసుకుంటూ తిరుగుతుంది" అని నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆయన చెడ్డవాడు కాదు, గొంతు పెంచి ఎరగడు. చూసినవాళ్ళంతా "పెట్టి పుట్టావమ్మా" అనేవారు. ఆయనకు గొంతు పెంచే అవసరం ఎందుకు రాలేదో ఆలోచించే తీరిక మాత్రం ఆమెకు ఎన్నడూ చిక్కలేదు.

పై ఊళ్ళకు వెళ్ళి రెండు మూడు రోజులు మకాం వేసి చేసే పనిని ఆఫీసులో క్యాంపు అంటారు. పదిహేడేళ్ళ సర్వీసులో ఆమెను ఒక్క క్యాంపుకూ పంపలేదు. "ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళు, మీకెందుకమ్మా ఈ తిప్పలు" అని పెద్ద ఆఫీసరు దయగా అనేవాడు. ఆ దయ పుణ్యమా అని క్యాంపులు చేసిన మగవాళ్ళు ఒక్కొక్కరే పై కుర్చీల్లోకి ఎక్కారు. ఈసారి వెళ్ళవలసినవాడు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు ఆమెకు దక్కింది. "ఇంకెవరూ దొరకలేదా మీవాళ్ళకి?" అని భర్త అడిగాడు. అత్తగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆడదానికి ఊరెళ్ళడమంటే ఏముందిలే, ఒక వంటింట్లో బయల్దేరి ఇంకో వంటింట్లో దిగడమేగా" అంది. వాన పడేట్టుంది అన్నంత మామూలుగా అంది.

ఊరు నిజంగా చిన్నదే. రెండు వీధులు, అవి కలిసిన చోట బజారు, బజారు వెనక పల్లంగా దిగే ఒక సందు. ఆ సందు చివర, రెండు గోడల మధ్య, జానెడు వెడల్పున సముద్రం కనిపిస్తుంది. మిగతాదంతా చప్పుడే. ఎవరో పెద్ద చాటతో తీరికగా చెరుగుతున్నట్టు రోజంతా వినిపిస్తూనే ఉంటుంది. ఉప్పుగాలికి ఊళ్ళో ఇనుమన్నది ఏదీ తుప్పు పట్టకుండా లేదు. అందుకే అక్కడి కాటాలకు అంత పని. చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ తమ కాటాలు ఆ బజారుకే తెస్తారు.

గురువారం పొద్దున బజారు పెద్ద ఒక కుర్చీ తెప్పించి, కండువాతో దులిపి, "కూర్చోండి సార్, ఫ్యాను ఇటు తిప్పమంటారా?" అని ఆమె పక్కనున్న సహాయకుణ్ణి అడిగాడు. ఆమె వైపు తిరిగి, "ఆ రిజిస్టరు బల్ల మీద పెట్టమ్మా" అన్నాడు.

సహాయకుడు ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. చేతిలోని నమూనా తూకపురాళ్ళ పెట్టె నెమ్మదిగా నేల మీద దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. "నేను పెట్టె మోసేవాణ్ణి సామీ. కూర్చోవాల్సింది మేడం. నన్ను కూర్చోబెట్టావనుకో, నీ కాటాలన్నీ ధర్మరాజులే అనేస్తా, మీ ఊరి కొనేవాళ్ళు గోలపెడతారు" అన్నాడు. బజారంతా నవ్వింది. బజారు పెద్ద నాలుక కరుచుకుని కుర్చీని ఇంకోసారి దులిపాడు. ఇలాంటి చోట్ల ఆమె తన హోదా తానే చెప్పుకోవలసి వచ్చేది, చెప్పుకున్నందుకు మళ్ళీ తానే మొహమాటపడేది. ఇవాళ ఆ అవసరం లేకుండా ఒక మనిషి దాటించేశాడు. అంత చిన్న సాయానికి కళ్ళు చెమర్చడం ఏమిటని ఆమెకే విడ్డూరంగా తోచి, పెట్టె మూత తీయడంలో పడింది.

వరసలో మొదటిది ఒక చేపలమ్మే ఆవిడ కాటా. పళ్ళెంలో ఏమీ పెట్టకముందే నలభై గ్రాములు చూపిస్తోంది.

"దాని అలవాటేనమ్మా అది," అంది చేపలావిడ, పెంకి బిడ్డ గురించి చెప్పినట్టు. "పదేళ్ళ నుంచీ అంతే. మోసీ మోసీ దానికి ఖాళీగా ఉండటం చాతకాదు."

"ముందు సున్నాకి రావాలి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపించని కాటా, తర్వాత ఎంత పెట్టినా నిజం చెప్పదు," అంది ఆమె. రోజుకు ఇరవైసార్లు చెప్పే మాటే. అయినా ఆ రోజు చెప్పాక ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పట్టకారుతో ఇత్తడి రాయిని పట్టుకుని అలాగే ఉండిపోతే, సహాయకుడు "మేడం" అని పిలవాల్సి వచ్చింది.

సాయంత్రం ఆరింటికి తొంభై మూడు కాటాలు అయ్యాయి. ఏ మగ ఇన్‌స్పెక్టరూ ఒక రోజులో అరవై దాటించలేదని సహాయకుడు చెప్పాడు. తనకు అంత వేగం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. పొద్దున్నే ఏడున్నరలోగా మూడు పొయ్యిల పని రెండు పొయ్యిల మీద చేసే మనిషికి కాటా ఒక లెక్కా? బసకు వెళ్ళి, స్నానం చేసి, మంచం మీద కూర్చుంటే చేతులకు ఏం చేయాలో తెలియలేదు. మడతపెట్టి ఉన్న దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది. తనది కాని కుళాయి గట్టును తోమింది. అప్పుడు ఫోన్ మోగింది.

"ఏమోయ్, రేపు మమ్మల్ని ఏం తినమంటావ్?" అన్నాడు భర్త.

"డబ్బాలున్నాయి కదండీ, ఇంకా ఆరు."

"ఆరా? రెండో మూడో ఉన్నట్టున్నాయి. మధ్యాహ్నం మా ఫ్రెండొచ్చాడు, మ్యాచ్ చూడ్డానికి. నీ చేతి వంటంటే వాడికి ప్రాణం కదా."

"చీటీలు అతికించానే!"

"అవా? అవి పాతవనుకున్నా. కిందటి శుక్రవారానివేమోనని."

"కిందటి శుక్రవారానివనుకుని ఎలా తిన్నారండీ?"

"బాగానే ఉన్నాయి మరి," అన్నాడు ఆయన నిజాయితీగా.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, ఆ రోజు చేసిన పని ఎవరికైనా చెప్పుకోవాలన్న ఉబలాటంలో, "ఇవాళ తొంభై మూడు చేశానండీ! రేపు మధ్యాహ్నానికే అయిపోయేట్టుంది" అనేసింది. "అలాగా, మంచిదే" అన్నాడు ఆయన. తొంభై మూడు గురించి ఏమీ అనలేదు. మిగిలిన సగం మాటనే జాగ్రత్తగా ఏరుకున్నాడని మర్నాడు గాని తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఖరి కాటాకు ముద్ర పడింది. శనివారం అదనపు రోజుగా రాసినదే, పని మిగిలితేనే వాడుకోవాలి. లేకపోతే ఆఫీసుకు ఎలాగూ సెలవు. రాళ్ళు గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుతుండగా భర్త ఫోన్ చేశాడు. "అయిపోయిందా? అయిపోయుంటుందిలే. రేపు మధ్యాహ్నం అక్కావాళ్ళని భోజనానికి పిలిచేశా, వాళ్ళూ మనమూ కలిపి ఎనిమిదిమంది. ఐదున్నర బస్సెక్కితే పదింటికల్లా ఇంట్లో ఉంటావు. వస్తూ వస్తూ అక్కడ మంచి చేపలేమన్నా దొరికితే పట్టుకురా."

"సరేనండీ," అంది ఆమె. ఆ మాట తను అనలేదు. తనకంటే ముందే నోట్లోంచి లేచి వెళ్ళి కూర్చుంది, ఎప్పుడూ వెళ్ళే చోటే కదా అన్నట్టు.

సహాయకుడు అంతా విన్నాడు. విననట్టు కాసేపు పెట్టె గొళ్ళెంతో కుస్తీపట్టి, ఇక ఉండలేక అన్నాడు. "మేడం, రెండు రోజుల నుంచి చూస్తున్నా, ఆ సందు దగ్గర మీరు ఊరకే ఆగిపోతున్నారు. రేపు ఉండండి. ఐస్ ఫ్యాక్టరీలో లారీ కాటా ఉంది కదా, అది మొరాయించిందని చెప్పేద్దాం. అడిగితే నేనూ అదే చెప్తా. నాకేం, అబద్ధాలు అచ్చొచ్చిన నోరు. ముప్పై ఏళ్ళుగా మా ఆవిడ మీద సాధన."

"లారీ కాటా మనం నిన్న చూసేశాం కదా."

"మీవారు చూశారా?"

ఆమె నవ్వి, ఆలోచిస్తానంది. అతను దగ్గరి ఊళ్ళో ఉన్న కూతురి ఇంటికి పెట్టె భుజానికెత్తుకుని బయల్దేరాడు. సోమవారం ఆఫీసులో కలుద్దామన్నాడు. "కాటా మొరాయించింది, గుర్తుపెట్టుకోండి" అని సందు మలుపులో వెనక్కి తిరిగి మరీ చెప్పాడు.

బస వైపు నడుస్తూ ఆమె ఆ అబద్ధాన్ని చేత్తో పట్టి చూసింది. బాగానే ఉంది, అతుకు కనపడకుండా ఉంది. ఆమెకు అబద్ధాలు కొత్తా? అమ్మకు తలనొప్పి వచ్చేది, వారానికి ఒకసారి, మధ్యాహ్నం పూట. ఆ గంట గది తలుపు మూసుకునేది. అమ్మకు ఒక్కనాడూ తలనొప్పి లేదని ఆమెకు తన పెళ్ళయ్యాక అర్థమైంది. తనూ అంతే. ఒక వీధి ఎక్కువ నడవాలనిపిస్తే దారపు ఉండ కొనాలనేది, ఇంట్లో ఇప్పుడు పదకొండు దారపు ఉండలున్నాయి. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు ఆలస్యమైతే అందరూ విసుక్కునేవారు, ఆమెకు మాత్రం లోలోపల పండగలా ఉండేది. గంటసేపు కుర్చీలో కూర్చోవచ్చు, ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. ఇరవై రెండేళ్ళలో గడప దాటిన ప్రతిసారీ చేతిలో సంచిలాగే ఒక కారణం కూడా ఉండాలి. కారణం లేకుండా బయటికెళ్ళిన రోజు ఒక్కటైనా ఉందా అని వెతికితే దొరకలేదు. సముద్రమూ ఒకసారి చూసింది. కూతురి చిన్నతనంలో అందరూ కలిసి వెళ్ళారు. గాలికి తినుబండారాల్లో ఇసుక పడుతుంటే, డబ్బాలకు తన వీపు అడ్డుపెట్టి, అలలకు వీపు తిప్పి కూర్చుంది. వెనక నుంచి వాళ్ళ కేరింతలు విని, ఏ అల పెద్దదో పోల్చుకుంది.

బసకు చేరేసరికి మూడు దాటింది. గది తాళం ఇంటావిడ దగ్గర ఉంటుంది. ఆవిడ అరవై దాటిన మనిషి, కింద వాటాలో ఒక్కతే ఉంటూ పైన రెండు గదులు వచ్చేపోయేవాళ్ళకు ఇస్తుంది. గేటుకు ఒక పలక వేలాడుతోంది. పొద్దున వెళ్ళేటప్పుడు లేదు. దాని మీద సుద్దతో రాసి ఉంది: "ఇంట్లోనే ఉన్నాను. నాలుగింటికి తలుపు కొట్టండి."

ఆమె రెండుసార్లు చదివింది. కిటికీలోంచి ఇంటావిడ కనిపిస్తూనే ఉంది. పడక కుర్చీలో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా, కళ్ళు తెరుచుకునే ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇంటావిడ స్నేహంగా తలాడించింది గానీ లేవలేదు. ఆమె మెట్ల మీద కూర్చుంది. తాళం లేదు, పని లేదు, కడగడానికి గిన్నె లేదు. మొదటి పది నిమిషాలు కష్టంగా గడిచాయి. తర్వాత గోడ మీద ఎండ జరగడం కనిపించింది. ఒక పిల్లి వచ్చి, ఆమెను చూసి, ఆమె వల్ల ఉపయోగం లేదని గ్రహించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సముద్రపు చప్పుడు మొదలైంది. రెండు రోజులుగా ఉన్న చప్పుడే, ఇప్పుడు మొదలైనట్టు వినిపించింది.

నాలుగింటికి తలుపు దానంతటదే తెరుచుకుంది. "రామ్మా, ఎండలో కూర్చోబెట్టానా? ఏమనుకోకు," అంటూ ఇంటావిడ తాళంతోపాటు ఒక గ్లాసు టీ కూడా ఇచ్చింది.

"ఏం లేదు పిన్నిగారూ. ఆ పలక చూసి నవ్వొచ్చింది."

"అందరికీ వస్తుంది. మొదట్లో 'ఇంట్లో లేను' అని రాసేదాన్ని. మావారు ఉన్నప్పటి సంగతి. ఆయన కొట్టుకెళ్ళాక ఒక గంట నాదనుకునేదాన్ని. అయితే లేనని రాశాక లేనట్టు ఉండాలి కదా! కిటికీ మూసెయ్యాలి, ఫ్యాను వేస్తే చప్పుడు, దగ్గొస్తే దిండు అడ్డం పెట్టుకోవాలి. నా ఇంట్లో నేను దొంగలా నక్కి కూర్చునేదాన్ని. గంటసేపు దాక్కుని దాక్కుని, నాలుగయ్యేసరికి వంట చేసినదానికంటే ఎక్కువ అలిసిపోయేదాన్ని."

"మరి?"

"ఒకరోజు పక్కింటావిడ పట్టేసింది. 'ఉండి లేనని రాస్తావా, నేను అప్పుకొచ్చాననుకున్నావా' అని వీధంతా వినపడేట్టు దులిపేసింది. మర్నాడు కోపంతో ఉన్నదున్నట్టు రాసి పడేశాను. ఉన్నాను, తలుపు తియ్యను. వారం రోజులు అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. మావారు నెల రోజులు అలిగారు. ఆ తర్వాత అలవాటైపోయింది." ఇంటావిడ టీ ఊదుకుంటూ నవ్వింది. "ఇప్పుడు హాయిగా దగ్గుతున్నాను."

ఆమె గదికి వెళ్ళి సంచి సర్దింది. అలవాటైన చేతులకు పది నిమిషాల పని. సంచి భుజాన వేసుకుని కిందికి దిగింది. తాళం ఇవ్వబోయి ఇవ్వలేదు. "పిన్నిగారూ, ఒక గంటలో చెప్తాను," అంది. ఇంటావిడ ఎందుకని అడగలేదు.

బస్సు స్టాపు ఊరికి మెరక మీద ఉంది. అక్కడి నుంచి సముద్రం గోడల నడుమ జానెడు కాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. పడమటి ఎండ దాని మీద ఎక్కడికక్కడ విరిగి పడుతోంది. ఐదున్నర బస్సు ఐదింటికే వచ్చి నిలబడింది. కండక్టరు అరటిపండు తింటూ, "ఎక్కండమ్మా, కిటికీ సీటు ఖాళీ" అన్నాడు. ఆమె బెంచీ మీద సంచి పెట్టి ఫోన్ తీసింది. లారీ కాటా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఆ మాట అంటే రేపు దొరుకుతుంది, నిజమే. అయితే రేపంతా ఆ మాట పక్కన కూర్చుని ఉంటుంది. ఆయన ఫోన్ చేస్తే గాలి చప్పుడు వినపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కాలికి ఇసుక అంటితే దులుపుకుని వెళ్ళాలి. ఇంటికెళ్ళాక ఎంత బాగుందో ఎవరితోనూ చెప్పకూడదు. చూసి కూడా చూడనట్టే బతకాలి.

"బస్సెక్కావా?" అన్నాడు భర్త.

"లేదండీ. నేను ఎల్లుండి వస్తాను."

"అదేంటి? పని అవ్వలేదా?"

"అయిపోయింది. మధ్యాహ్నమే."

"మరి? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. రేపు ఇక్కడ ఉంటాను. సముద్రం చూస్తాను."

ఆయన చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు, "సముద్రం ఎక్కడికి పోతుందోయ్, ఎండాకాలం సెలవుల్లో అందరం కలిసి వెళ్దాంలే" అన్నాడు.

"వెళ్దాం. అప్పుడు అందరితో చూస్తాను. రేపు ఒక్కదాన్నే చూస్తాను."

"రేపు ఎనిమిదిమందికి భోజనం. నాకేం వచ్చని?"

"పెళ్ళైన కొత్తలో నాకూ రాదండీ."

ఆమె ఎత్తిపొడవాలని అనలేదు. గుర్తొచ్చి అంది. ఆయనకూ ఏదో గుర్తొచ్చినట్టుంది, బహుశా మాడిన గిన్నె ఏదో, ఆ పూట తను అలిగి కంచం ముందు నుంచి లేచిపోవడమో. కండక్టరు అరటి తొక్క విసిరేసి బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"సరే, అక్కకి ఇంకో వారం రమ్మని చెప్తాను," అన్నాడు ఆయన చివరికి. ఆ గొంతులో కోపం కంటే దిక్కుతోచకపోవడమే ఎక్కువగా ఉంది. "ఏమని చెప్పను? ఆఫీసు పని తగులుకుందని చెప్పనా?"

అది ఆయన ఇవ్వగలిగిన సాయం. ఇస్తున్నాడు కూడా, పాపం. తీసుకుంటే ఇద్దరికీ సుఖం. ఆమె సముద్రం వైపు చూసింది.

"వద్దండీ. పనేం లేదని చెప్పండి. ఉండాలనిపించి ఉండిపోయిందని చెప్పండి."

ఫోన్‌లో వెనక నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఎక్కిందా బస్సు?"

"లేదమ్మా. ఎల్లుండి వస్తుందట," అన్నాడు ఆయన, ఫోన్ కొంచెం పక్కకు జరిపి.

"ఏం, పనుందా?"

ఆయన ఆగాడు. ఆ ఒక్క క్షణంలో ఆయన ఏమైనా అనగలడు. ఆఫీసనగలడు, బస్సనగలడు, జ్వరమనగలడు.

"లేదట," అన్నాడు. "ఉండాలని ఉందట."

బస్సు ఇంజను మోగింది. కండక్టరు ఆమె వైపు చూసి చేత్తో అడిగాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సు మెరక దిగి వెళ్ళిపోయాక, దుమ్ము కొంచెం సర్దుకున్నాక, అవతల నుంచి అత్తగారి గొంతు మళ్ళీ వినిపించింది, దూరంగా, ఎవరినీ ఉద్దేశించనట్టుగా.

"అలా ఉండొచ్చా?"

డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తెలియని సంగతి ఒకటి తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"ఉండొచ్చు అత్తయ్యా," అంది ఆమె గట్టిగా, గాలికి ఎదురుగా, తన గొంతు అంత దూరం చేరుతుందో లేదో తెలియకపోయినా.